తెర కదిలితే తల తిరుగుతుందా?

నర్సింగ్ విభాగం నుండి



మా ఓపీలో ప్రతిరోజూ వినబడే మాటల్లో "సిస్టరమ్మా, కళ్ళు తిరుగుతున్నాయి" అన్నది ఒకటి. బీపీ చూస్తాం, షుగర్ చూస్తాం, రక్తం తక్కువగా ఉందేమో చూస్తాం, పొద్దున ఏమైనా తిన్నారా అని అడుగుతాం. ఈ మధ్య వీటితో పాటు ఇంకో ప్రశ్న కూడా అడుగుతున్నాం. "కళ్ళు తిరిగినప్పుడు మీ చేతిలో ఫోన్ ఉందా? ఎదురుగా కదిలే తెర ఏమైనా ఉందా?" ఈ ప్రశ్న మేము నర్సింగ్ చదివిన రోజుల్లో ఎవరూ నేర్పలేదు. మన సంఘంలోని ఒక పెద్దాయన నేర్పారు.

మందిరంలో నేల కదిలింది

ఆయనకు 70 ఏళ్ళు దాటాయి. ఆదివారం ఆరాధనలో ఎప్పుడూ ముందు వరుసలో కూర్చునే మనిషి. మందిరంలో పాటల కోసం పెద్ద తెర పెట్టిన కొన్నాళ్ళకు ఆయన వెనక బెంచీకి మారారు. తరువాత పాటలన్నీ అయ్యాక ప్రసంగం వేళకు రాసాగారు. ఆ తరువాత రావడమే మానేశారు. విశ్వాసంలో చల్లారిపోయారని కొందరన్నారు. కన్నకొడుకు కూడా అలాగే అనుకుని బాధపడ్డాడు.

బీపీ చూడడానికి మేము ఇంటికి వెళ్ళినప్పుడు ఆయన మెల్లగా బయటపెట్టారు. "ఎవరికీ చెప్పొద్దమ్మా. పాట పాడదామని తెర వైపు చూస్తే అక్షరాల వెనక సముద్రం కదులుతుంది. దానితో పాటు నా కాళ్ళ కింద నేల కూడా కదులుతుంది. అందరి ముందూ పడిపోతానేమోనని భయం."

ఆ తెర కొనడానికి చందా ఇచ్చిన వారిలో మేమూ ఉన్నాం. అలలూ మబ్బులూ కదులుతుంటే ఎంత బాగుందో అని మెచ్చుకున్నాం కూడా. పాత సంగతులు అడిగితే ఆయన వయసులో ఉన్నప్పుడు టీబీకి స్ట్రెప్టోమైసిన్ సూదులు చాలా వేయించుకున్నారని తెలిసింది. చీకటిలో నడవలేరు. కళ్ళు మూసుకుని తల మీద నీళ్ళు పోసుకుంటే తూలుతారు. ఇవన్నీ ఏళ్ళ తరబడి ఉన్నవే. ముసలితనం అనుకుని ఎవరికీ చెప్పలేదు. డాక్టరు గారు పరీక్షించి, ఆయన రెండు చెవుల లోపల సమతుల్యత చూసే భాగం దెబ్బతిన్నదని చెప్పారు. ఆయన నిలబడి ఉండేది కళ్ళ ఆధారంతోనే. ఆ కళ్ళ ముందు మేము సముద్రాన్ని కదిలించాం.

చెవిలో ఉన్న రసమట్టం

తాపీమేస్త్రీ గోడ కడుతూ రసమట్టం పెట్టి చూస్తాడు. గాజు గొట్టంలోని బుడగ మధ్యకు వస్తే మట్టం సరిగా ఉన్నట్లు. సృష్టికర్త మన రెండు చెవుల లోపలా అలాంటి పనిముట్టునే అమర్చాడు. లోపలి చెవిలో ద్రవం నిండిన 3 సన్నని వంపు గొట్టాలు, వాటి మొదట్లో 2 చిన్న సంచులు ఉంటాయి. మనం తల తిప్పితే గొట్టాలలోని ద్రవం అక్కడ వెంట్రుకల వంటి సన్నని పోగులను వంచుతుంది. తల ఎటు తిరిగిందో, ఎంత వేగంగా తిరిగిందో ఆ కబురు నరం ద్వారా మెదడుకు చేరుతుంది. సంచులలో కాల్షియంతో తయారైన సన్నని రేణువులు ఉంటాయి. తల ఒక పక్కకు ఒరిగినా, బస్సు ముందుకు కదిలినా, లిఫ్టు పైకి లేచినా ఆ సంగతి చెప్పేవి అవే. ఈ అవయవం పనితీరును వివరించిన వియన్నా వైద్యుడు రాబర్ట్ బరానీకి 1914 సంవత్సరపు నోబెల్ బహుమతి దక్కింది.

మనం నిలబడడానికీ నడవడానికీ మెదడు ముగ్గురు సాక్షులను అడుగుతుంది. ఒకటి లోపలి చెవి, రెండు కళ్ళు, మూడు కాళ్ళూ కీళ్ళూ మెడ కండరాలూ. ముగ్గురూ ఒకే మాట చెబితే ఏ ఇబ్బందీ లేదు. మాట తేడా వచ్చినప్పుడే తంటా.

రైల్వే స్టేషనులో ఇది అందరికీ అనుభవమే. మన రైలు ఆగి ఉంటుంది. కిటికీలోంచి చూస్తుంటే పక్క పట్టాల మీది రైలు కదులుతుంది. ఒక్క క్షణం మన రైలే బయలుదేరిందనుకుంటాం. కన్ను "కదిలాం" అంటుంది, చెవి "కదలలేదు" అంటుంది. ఘాట్ రోడ్డు మీద బస్సులో పుస్తకం చదివితే దీనికి తలకిందులు. చెవి "మలుపు తిరుగుతున్నాం" అంటుంది, కన్ను "అక్షరాలు కదలడం లేదే" అంటుంది. ఈ తగాదా తీరక మెదడు తికమకపడితే కడుపులో తిప్పుతుంది, చెమటలు పడతాయి, నోట్లో నీళ్ళూరతాయి. "నాకు బస్సు పడదు" అని మనవాళ్ళు చెప్పేది దీనినే.

ఫోన్ తెర ముందు కూడా ఇదే తగాదా. మనిషి కుర్చీలో కదలకుండా ఉంటాడు. కళ్ళ ముందు మాత్రం లోకం కదులుతుంటుంది.

ఫోన్‌లో కదిలేది ఏమిటి?

వీడియోల సంగతి అటుంచండి. ఫోన్ తెరిచిన క్షణం నుండీ అందులో కదలికలు ఉంటాయి. ఒక బొమ్మ మీద నొక్కితే అది పెద్దదై తెరంతా నిండి, మనమే దానిలోకి దూసుకుపోయినట్లు ఉంటుంది. ఒక పేజీ జారి పక్కకు పోతే ఇంకో పేజీ జారి వస్తుంది. కొన్ని ఫోన్లలో ఫోన్‌ను వంచితే వెనకనున్న ఫొటో ఒక తీరుగా, ముందున్న బొమ్మలు ఇంకో తీరుగా కదులుతాయి. కొన్ని వెబ్‌సైట్లలో వేలితో పైకి తోస్తే అక్షరాలు ఒక వేగంతో, వెనకబొమ్మ మరో వేగంతో వెళుతుంది. వీటిని యానిమేషన్లు అంటారు. చాలామందికి ఇవి ముచ్చటగా ఉంటాయి. ఏది ఎక్కడి నుండి వచ్చిందో తెలియడానికి కొంత ఉపయోగపడతాయి కూడా. కొందరికి మాత్రం పడవు.

ఇది లోకమంతటికీ తెలిసివచ్చింది 2013లో. ఆ సెప్టెంబరులో ఆపిల్ సంస్థ ఐఫోన్లకు ఐఓఎస్ 7 అనే కొత్త రూపు తెచ్చింది. లోపలికి దూసుకుపోయే కదలికలు, విడివిడిగా కదిలే పొరలు అందులో చాలా పెట్టారు. తల తిరుగుతోందని, వాంతి వచ్చినట్లు ఉందని వాడేవారు ఎందరో మొరపెట్టుకున్నారు. అందులో రెడ్యూస్ మోషన్ అనే స్విచ్ ఉన్నా అది కదలికలన్నిటినీ ఆపేది కాదు. అక్టోబరులో వచ్చిన 7.0.3 మార్పుతో, ఆ స్విచ్ వేస్తే దూసుకుపోవడానికి బదులు ఒక తెర మెల్లగా మసకబారి ఇంకొకటి కనిపించేలా చేశారు. ఆనాటి ఆ మొర వల్ల ఎందరికో మేలు జరిగింది. ఇబ్బంది చెప్పుకోవడంలో తప్పు లేదని దీనివల్ల తెలుసుకోవచ్చు.

అన్ని కదలికలూ ఒకలా బాధించవు. చిన్న గుర్తు ఒకటి మూలన మెరిస్తే ఎవరికీ ఏమీ కాదు. తెరలో ఎక్కువ భాగం ఒక్కసారిగా కదలడం, దగ్గరికి దూసుకురావడం లేదా దూరంగా పోవడం, గుండ్రంగా తిరగడం, ముందు పొర వెనక పొర వేర్వేరు వేగాలతో పోవడం, మనం ఏమీ చేయకుండానే దానంతటదే కదలడం ఎక్కువ బాధపెడతాయి. తెర ఎంత పెద్దదైతే, కంటికి ఎంత దగ్గరైతే బాధ అంత ఎక్కువ.

ఎవరికి ఎక్కువగా వస్తుంది?

1. పార్శ్వపు నొప్పి ఉన్నవారికి. మా నర్సింగ్ విద్యార్థిని ఒకరు కంప్యూటరు క్లాసుకు తరచూ ఎగ్గొడుతోందని మేము మందలించాం. పాఠం పేజీలు గిర్రున తిరిగి మారినప్పుడల్లా ఆ అమ్మాయికి తలపోటు మొదలై వాంతులవుతున్నాయని తరువాత తెలిసింది. మందలించినందుకు క్షమాపణ చెప్పాం.

2. లోపలి చెవి జబ్బులున్నవారికి. చెవి సంచులలోని రేణువులు జారి గొట్టంలో పడితే, మంచం మీద పక్కకు తిరిగినా, పైకి చూసినా కొన్ని క్షణాలపాటు ఇల్లంతా గిర్రున తిరుగుతుంది. చెవిలో హోరు, వినికిడి తగ్గడం, గంటల తరబడి తల తిరగడం కలిసి వచ్చే మెనియర్స్ జబ్బు ఇంకొకటి.

3. చెవికి హాని చేసే మందులు వాడినవారికి. స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్ సూదులు కొందరిలో సమతుల్యతను దెబ్బతీస్తాయి. ఒక మాట గట్టిగా చెబుతున్నాం. ఇప్పుడు మామూలు టీబీకి ఇచ్చేవి మాత్రలే, ఆ సూదులు కావు. ఇది చదివి భయపడి ఎవరూ టీబీ మందులు మానకూడదు.

4. తలకు దెబ్బ తగిలినవారికి, వైరస్ జ్వరం తరువాత చెవి నరం వాచినవారికి. ఆ జబ్బు తగ్గినా కొందరికి నెలల తరబడి కదిలే వస్తువులు, కిక్కిరిసిన బజారు, తెరలు పడవు.

5. చిన్నప్పటి నుండి బస్సు, రంగులరాట్నం పడనివారికి. 2 నుండి 12 ఏళ్ళ పిల్లల్లో, స్త్రీలలో, గర్భిణులలో ఇది ఎక్కువ.

ఇలాంటివారు ఏదో నూటికి ఒకరు అనుకోవద్దు. 2009లో అమెరికాలో ప్రచురించిన ఒక పెద్ద పరిశీలనలో, 40 ఏళ్ళు దాటిన 5,000 మందికి పైగా మనుషులను కళ్ళు మూసి మెత్తని పరుపు మీద నిలబెట్టి చూశారు. సుమారు 35 శాతం మంది సరిగా నిలబడలేకపోయారు. వీరందరికీ ఫోన్ పడదని కాదు. చెవి సాక్ష్యం బలహీనపడినవారు మన మధ్య ఎందరుంటారో ఊహించుకోవడానికి చెబుతున్నాం.

ఇది మనోభ్రమ కాదు. నరాల బలహీనతో, దిష్టో, భక్తి తగ్గడమో అంతకన్నా కాదు.

ఇది మూర్ఛ కూడా కాదు. వేగంగా మెరిసే వెలుగుల వల్ల కొందరికి ఫిట్స్ వస్తాయి. 1997 డిసెంబరు 16న జపాన్‌లో టీవీలో ఒక పిల్లల బొమ్మల కథ చూస్తూ ఎరుపు నీలం వెలుగులు మెరిసిన ఘట్టంలో 600 మందికి పైగా, ఎక్కువగా పిల్లలు, ఆసుపత్రుల పాలయ్యారు. దానికి కారణం వేరు, చికిత్స వేరు. ఇంట్లో ఫిట్స్ ఉన్న బిడ్డ ఉంటే మెరిసే వెలుగుల గురించి డాక్టరును విడిగా అడగండి.

ఫోన్‌లో మార్చుకోవలసినవి

ఇందుకు డబ్బు ఖర్చు లేదు. రెండు నిమిషాల పని. మీకు తెలియకపోతే ఇంట్లో పిల్లలను అడగండి.

ఆండ్రాయిడ్ ఫోన్లలో: సెట్టింగ్స్ తెరిచి యాక్సెసిబిలిటీ నొక్కండి. అందులో రిమూవ్ యానిమేషన్స్ అని ఉంటుంది. కొన్ని కంపెనీల ఫోన్లలో రెడ్యూస్ యానిమేషన్స్ అని ఉంటుంది. కనబడకపోతే సెట్టింగ్స్‌లో పైన ఉన్న వెతుకు పెట్టెలో యానిమేషన్ అని టైపు చేయండి.

ఐఫోన్‌లో: సెట్టింగ్స్, తరువాత యాక్సెసిబిలిటీ, తరువాత మోషన్. అక్కడ రెడ్యూస్ మోషన్ ఆన్ చేయండి. వీడియోలు దానంతటవే మొదలవకుండా ఆపే స్విచ్ కూడా అక్కడే ఉంది. 2024లో వచ్చిన ఐఓఎస్ 18 నుండి, కారులో కూర్చుని ఫోన్ చూసేవారి కోసం తెర అంచుల్లో వాహనం కదలికతో కదిలే చుక్కలు పెట్టారు. కంటికీ చెవికీ ఒకే కబురు అందించడం వాటి ఉద్దేశం.

విండోస్ 11 కంప్యూటరులో: సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ, విజువల్ ఎఫెక్ట్స్. అందులో యానిమేషన్ ఎఫెక్ట్స్ ఆఫ్ చేయండి.

ఈ మార్పు వల్ల ఫోన్ పాడవదు. ఫొటోలు, నంబర్లు ఏవీ పోవు. నచ్చకపోతే మళ్ళీ వెనక్కి మార్చుకోవచ్చు. ఇంకొక ఉపయోగం ఏమిటంటే, మీరు ఈ స్విచ్ వేశారని ఫోన్ వెబ్‌సైట్లకు కూడా తెలియజేయగలదు. శ్రద్ధగా తయారుచేసిన వెబ్‌సైటు దానిని గమనించి తన కదలికలను తగ్గించుకుంటుంది. అన్నీ అలా చేయవు. కాబట్టి పూర్తిగా పోతుందని ఆశించకండి. చాలావరకు తగ్గుతుంది.

దీనితో పాటు, ఫోన్ చూసేటప్పుడు పాదాలు నేలకు ఆనించి కూర్చోండి. పడుకుని చూడకండి. వేలితో గబగబా తోయకుండా కొంచెం కొంచెంగా జరిపి, ఆగి చదవండి. వికారం మొదలవగానే తెర దించి దూరంగా కదలని వస్తువును, తలుపునో చెట్టునో చూడండి. వీడియో కాల్‌లో మీ మనవడు ఫోన్ పట్టుకుని ఇల్లంతా తిరుగుతుంటే, ఒకచోట నిలబెట్టి మాట్లాడమని చెప్పండి. మొహమాటపడకండి.

తెర తయారుచేసేవారికి మా మనవి

తెర ముందు కూర్చున్నవారే అన్నీ సర్దుకోవాలంటే న్యాయం కాదు. వెబ్‌సైట్లు ఎలా ఉండాలో చెప్పే అంతర్జాతీయ నియమాలు ఉన్నాయి. దానంతటదే మొదలై 5 సెకన్లకు మించి ఇతర విషయం పక్కన కదిలేది ఏదైనా ఉంటే, దానిని ఆపే వీలు చూసేవారికి ఉండాలని 2008 నాటి నియమం. ఏదీ సెకనుకు 3 సార్లకు మించి మెరవకూడదన్నది మరొకటి. మనం నొక్కినందువల్ల పుట్టే కదలికలను, అవసరమైనవి తప్ప, ఆపుకునే వీలు ఉండాలని 2018లో చేర్చారు. మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఉంది. ఫోన్లు, కంప్యూటర్లు, వెబ్‌సైట్లు అందరూ వాడుకునేలా ఉండడానికి ఐఎస్ 17802 అనే భారతీయ ప్రమాణం 2021లో వచ్చింది. మన సంఘాల్లోని యువతీ యువకులు ఎందరో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్నారు. మీరు తయారుచేసే తెరల ముందు మీ అమ్మ, మీ తాతగారు కూర్చుంటారని గుర్తుంచుకోండి.

మందిరంలో పాటలు వేసే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఇంకొంచెం వివరంగా చెబుతాం. పాట అక్షరాల వెనక కదలని రంగు ఒక్కటి చాలు. చరణం మారేటప్పుడు అక్షరాలు ఎగిరి రావడం, గిర్రున తిరగడం వద్దు. ఒక పేజీ పోయి ఇంకొకటి వస్తే సరిపోతుంది. పాట మధ్యలో లైట్లు ఆర్పకండి. నేల, బెంచీ కనబడితే ముసలివారికి ఆధారం. కొన్ని పాటల పుస్తకాలు వెనక ఉంచండి.

మా తప్పు కూడా సరిదిద్దుకున్నాం. మా ఓపీ హాలులో టోకెన్ నంబర్లతో పాటు ఆరోగ్య సూచనలు తెర మీద ఆగకుండా జారుతూ ఉండేవి. జబ్బుతో వచ్చి గంటసేపు వాటి ఎదుట కూర్చున్నవారి బాధ మాకు తట్టలేదు. ఇప్పుడు నంబరు కదలకుండా నిలిచి ఉంటుంది. సూచనలు గోడకు అంటించాం.

డాక్టరును ఎప్పుడు కలవాలి?

ఫోన్‌లో కదలికలు ఆపడం ఉపశమనం మాత్రమే. తల తిరగడానికి మూలం ఏమిటో తెలుసుకోవాలి. రేణువులు జారిన జబ్బుకు, శిక్షణ పొందినవారు తలను ఒక వరుసలో తిప్పి రేణువులను స్వస్థానానికి చేరుస్తారు. దీనిని ఎప్లీ పద్ధతి అంటారు. చాలామందికి ఒకటి రెండుసార్లతో తగ్గుతుంది. వీడియో చూసి ఇంట్లో మెడలు తిప్పుకోవద్దు. పార్శ్వపు నొప్పికి వేరే మందులున్నాయి. చెవి దెబ్బతిన్నవారికి కళ్ళు, తల, నడక కలిపి చేసే వ్యాయామాలు ఉన్నాయి. మెదడు మెల్లగా అలవాటు పడుతుంది. అందుకే కదిలే ప్రతిదానికీ భయపడి మంచం పట్టడం మంచిది కాదు. తల తిరుగుడు తగ్గే మాత్రలు కొన్ని రోజులకే మంచివి. చాలా రకాలను నెలల తరబడి మింగితే మెదడు అలవాటు పడడం ఆలస్యమవుతుంది. మందుల షాపులో అడిగి తెచ్చుకోకండి.

ఈ క్రింది గుర్తులు ఉంటే ఫోన్ వల్లే అనుకుని ఇంట్లో ఆగకండి. తల తిరగడంతో పాటు మూతి వంకర పోవడం, మాట తడబడడం, ఒక చెయ్యి లేదా కాలు బలం తప్పడం, ఒకటి రెండుగా కనబడడం, అసలు నడవలేకపోవడం, ఎన్నడూ రానంత తలనొప్పి, స్పృహ తప్పడం, గుండెలో నొప్పి, ఒక్కసారిగా చెవి వినబడకపోవడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా వెంటనే 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి రండి. పక్షవాతంలో ప్రతి నిమిషమూ విలువైనదే.

చివరిగా

ఆ పెద్దాయన అనుమతితోనే ఇది రాశాం. పాటలు వేసే కుర్రవాళ్ళతో మాట్లాడాం. వాళ్ళు ఒక్కమాట కూడా ఎదురు చెప్పలేదు. ఆ ఆదివారమే సముద్రం తీసేసి నీలిరంగు పెట్టారు. కొడుకు తండ్రి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఆయన చెవి బాగవలేదు, ఇక బాగవదు కూడా. ఇప్పటికీ నిలబడినప్పుడు ముందు బెంచీని ఒక చేత్తో పట్టుకునే ఉంటారు. కానీ పాట మొదటి నుండి పాడుతున్నారు.

మీ పక్కవారు తెర ముందు నుండి మొహం తిప్పుకున్నా, ఫోన్ పక్కన పడేసినా, ఆరాధన మధ్యలో లేచి బయటికి వెళ్ళినా ముందుగా తీర్పు తీర్చకండి. "కళ్ళు తిరుగుతున్నాయా?" అని ఒక్కసారి అడగండి. మేము ఆ మాట అడగడానికి ఏడాది ఆలస్యం చేశాం. మీరు ఆలస్యం చేయవద్దు.

దేవుడు మిమ్మును, మీ ఇంటివారిని ఆరోగ్యముతో కాపాడును గాక.